న్యాయ సందేహాలు: ముద్దాయి అడగకపోయినా కోర్టుకెళ్లిన న్యాయవాది

ప్రశ్న: నేను న్యాయశాస్త్రం రెండో సంవత్సరం చదువుతున్నాను. హుస్సేనారా ఖాతూన్ కేసు మాకు పాఠంగా ఉంది. తీర్పు రాసిన జస్టిస్ పి.ఎన్. భగవతి గురించి తరగతిలో చాలా చెప్పారు గానీ, ఆ కేసు వేసిన న్యాయవాది గురించి ఒక్క మాటా చెప్పలేదు. ఆమె ఎవరు?
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: మీ తరగతిలో జరిగింది కొత్తేమీ కాదు. తీర్పుల సంపుటాల్లో న్యాయమూర్తుల మాటలకు పేజీలకు పేజీలు దక్కుతాయి. వాదించినవారి పేరు మాత్రం మొదట్లో ఒక్క పంక్తిలో కనిపించి ఊరుకుంటుంది. ఈ కేసులో ఆ పంక్తిలో ఉండే పేరు పుష్పా కపిలా హింగోరానీది. ఆమె 1927లో నైరోబీలో పుట్టారు. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో చదివి, లండన్‌లోని న్యాయవాదుల సంస్థ లింకన్స్ ఇన్‌లో బారిస్టరై, భారతదేశానికి వచ్చి సుప్రీంకోర్టులో ప్రాక్టీసు పెట్టారు. భర్త నిర్మల్ హింగోరానీ కూడా న్యాయవాదే. పేదల కేసుల్లో ఇద్దరూ కలిసి పనిచేశారు. ఆమె 2013 డిసెంబర్ 31న మరణించారు.

1979 జనవరి 8, 9 తేదీల్లో ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రికలో బీహార్ జైళ్లలోని విచారణ ఖైదీల (కేసు ఇంకా తేలకుండానే జైల్లో ఉన్నవారి) దుస్థితిపై వ్యాసాలు వచ్చాయి. రాసినవారు కె.ఎఫ్. రుస్తుంజీ. ఆయన సరిహద్దు భద్రతా దళానికి తొలి అధిపతి, అప్పటికి జాతీయ పోలీసు కమిషన్ సభ్యుడు. (జైళ్ల సంగతి బయటపెట్టింది ఒక పోలీసు అధికారేనన్నది మనం తరచూ మరిచిపోతాం.) ఆ వ్యాసాలను ఎందరో చదివి అయ్యో అనుకునే ఉంటారు. హింగోరానీ మాత్రం వాటినే ఆధారంగా చూపి, వాటిలో పేర్లున్న హుస్సేనారా ఖాతూన్ తదితర ఖైదీల తరఫున రాజ్యాంగం 32వ అధికరణం కింద సుప్రీంకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ (నిర్బంధంలో ఉన్నవారిని కోర్టు ముందుకు తెమ్మని కోరే పిటిషన్) వేశారు. ఆ ఖైదీల్లో ఎవరూ ఆమె కక్షిదారులు కారు. తన హక్కుకు భంగం కలిగినవాడే వచ్చి తలుపు తట్టాలన్న పాత నియమం, తలుపు దాకా రాలేనివాడికి ఎందుకూ పనికిరాదని ఆ పిటిషన్‌తో తేలిపోయింది. ప్రజాప్రయోజన వ్యాజ్యానికి (కోర్టుకు రాలేనివారి తరఫున ఇతరులు వేసే కేసుకు) ఆమెను తల్లి అని పిలవడం అందువల్లనే.

1979 ఫిబ్రవరి 12న తొలి ఉత్తర్వు వెలువడింది. నేరం రుజువైనా కొన్ని నెలలో, మహా అయితే ఏడాదో రెండేళ్లో మించి శిక్ష పడనివారు, విచారణే మొదలుకాకుండా మూడేళ్ల నుంచి పదేళ్ల దాకా జైల్లో ఉన్నారని న్యాయస్థానం గుర్తించింది. ఏ నేరమూ మోపకపోయినా, బాధితులుగానో సాక్షులుగానో ‘రక్షణ’ పేరుతో జైల్లో పెట్టిన స్త్రీలు కూడా అక్కడ ఉన్నారు. సత్వర విచారణ 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని, న్యాయవాదిని పెట్టుకోలేని ముద్దాయికి ప్రభుత్వ ఖర్చుతో న్యాయసహాయం అందించాలని, గడువులోగా ఛార్జిషీటు రాకపోతే బెయిలు పొందే హక్కు ఉందని మేజిస్ట్రేటే ఖైదీకి చెప్పాలని ఆ ఏడాది వరుసగా వచ్చిన ఉత్తర్వులు నిర్దేశించాయి. ఆ కేసు ఫలితంగా చివరికి దేశంలో దాదాపు 40,000 మంది విచారణ ఖైదీలు విడుదలయ్యారు.

మీరు పరీక్షలో 21వ అధికరణం గురించి రాస్తారు, రాయాల్సిందే. నా దృష్టిలో మాత్రం ఈ కేసులో అంతకంటె విలువైనది న్యాయస్థానం ప్రభుత్వాన్ని లెక్క అడగడం: ఏ జైల్లో ఎవరు, ఏ నేరం కింద, ఎప్పటి నుంచి ఉన్నారు? అన్నేళ్లూ ఆ జైళ్లను నడిపినవారిని ఆ ప్రశ్న అడిగినవారే లేకపోయారు.

ప్రశ్న: జైళ్ల నుంచి వేలమందిని విడిపించినవారిని గౌరవించడం సరే. కానీ వారిలో నిజమైన నేరస్థులు ఉండరా? నష్టపోయినవారి మాటేమిటి?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు

జవాబు: మాస్టారూ, మీ ప్రశ్న న్యాయమైనదే. అయితే విచారణ ఖైదీ అంటే శిక్ష పడినవాడు కాదు. అతను నేరం చేశాడో లేదో ఇంకా ఎవరూ తేల్చలేదు. విచారణ ఆలస్యమైతే దొంగతనంలో సొమ్ము పోగొట్టుకున్నవారికీ న్యాయం అందదు, సాక్షులు ఊళ్లు మారతారు, కొందరు కాలం చేస్తారు. కాబట్టి త్వరగా విచారించమని కోరడం ముద్దాయి పక్షం వహించడం కాదు.

అదే న్యాయవాది నడిపిన మరో రెండు కేసులు చూడండి. 1979–80లో బీహార్‌లోని భాగల్పూర్‌లో పోలీసులు ముప్పైమందికి పైగా మనుషుల కళ్లు పొడిచి యాసిడ్ పోశారు. వారిలో కొందరి మీద తీవ్రమైన ఆరోపణలే ఉన్నాయి, ‘దొంగలకు అలాగే జరగాలి’ అని మెచ్చుకున్న జనమూ ఉన్నారు. హింగోరానీ వారి తరఫునా నిలబడ్డారు. ఆ కేసులోనే, ముద్దాయిని మేజిస్ట్రేటు ముందు మొదటిసారి హాజరుపరిచిన నాటి నుంచే ప్రభుత్వం న్యాయసహాయం ఇవ్వాలని, డబ్బు లేదన్నది అందుకు సాకు కాబోదని సుప్రీంకోర్టు చెప్పింది. మన ఊరి మేజిస్ట్రేటు కోర్టులో ఈనాడు రిమాండ్ వేళ నిలబడే న్యాయసహాయ న్యాయవాది వెనుక ఆ కళ్లు పోయినవారి కేసు ఉంది.

రెండోది రుదుల్ సాహ్ కేసు. హత్యానేరం మీద జైలుకెళ్లిన ఆయనను 1968 జూన్‌లో సెషన్స్ కోర్టు నిర్దోషిగా విడిచిపెట్టింది. బయటికి వచ్చింది మాత్రం 1982 అక్టోబర్‌లో. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని మనవాళ్లంటారు. గెలిచాక కూడా పద్నాలుగేళ్ల పాటు ఆయనకు ఇంటికి రావడమే లేకపోయింది. ఆయనకు మతిస్థిమితం లేదని ప్రభుత్వం ఇచ్చిన సంజాయిషీకి తగిన ఆధారం లేదని న్యాయస్థానం తేల్చి, అప్పటికే ఇచ్చిన 5,000 రూపాయలు కాక మరో 30,000 రూపాయలు చెల్లించమని 1983లో ఆదేశించింది. పద్నాలుగేళ్లకు అది చాలా చిన్న మొత్తమని నా అభిప్రాయం. అయినా, ప్రాథమిక హక్కు భంగమైతే రాజ్యాంగ న్యాయస్థానమే నేరుగా పరిహారం ఇప్పించవచ్చన్న సూత్రం అక్కడే నిలబడింది. మీరడిగిన నష్టపోయినవారిలో రుదుల్ సాహ్‌నూ లెక్కపెట్టమని మనవి.

ప్రశ్న: మా పిన్ని కొడుకు ఒక దొంగతనం కేసులో పధ్నాలుగు నెలలుగా పొరుగు రాష్ట్రంలో జైల్లో ఉన్నాడు. బెయిలు వచ్చింది గానీ, ఆ ఊళ్లో ఆస్తి ఉన్న జామీనుదారు దొరక్క బయటికి రాలేకపోతున్నాడు. ఇంతకుముందు ఏ కేసూ లేదు. మేమేం చేయగలం?
– ఒక పాఠకురాలు, ఆదిలాబాద్

జవాబు: అమ్మా, మీ సమస్య చాలామందిది. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే నలుగురిలో ముగ్గురు. పరాయి ఊళ్లో పూచీకత్తు దొరకని కష్టం కూడా పాతదే. 1978లో మోతీరాం కేసులో, ఒక తాపీమేస్త్రీ సోదరుడు ఇవ్వబోయిన జామీనును వేరే జిల్లావాడన్న కారణంతో కింది కోర్టు తిరస్కరించినప్పుడు, జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ అది చెల్లదన్నారు. ఒక మలయాళీయో, తమిళుడో, ఆంధ్రుడో బస్తర్‌లోనో ఢిల్లీ చాందినీ చౌక్‌లోనో అరెస్టయితే ఏం చేయాలని ఆయన ఆ తీర్పులోనే నిలదీశారు. మీవాడి న్యాయవాది ఆ తీర్పును తప్పక చూపాలి.

దానికంటె సులువైన దారి ఇప్పుడు ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని 479వ సెక్షన్ ప్రకారం, ఇంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివారు ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణ ఖైదీగా గడిపితే, వారిని సొంత పూచీకత్తు మీదే విడిచిపెట్టాలి, జామీనుదారు అక్కరలేదు. అంతకుముందు మోపిన కేసులకూ ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో స్పష్టం చేసింది. మామూలు దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లు, దానిలో మూడో వంతు పన్నెండు నెలలు. మీవాడు దాన్ని ఇప్పటికే దాటాడు. అయితే నివాసగృహంలో చేసిన దొంగతనమని కేసు పెట్టి ఉంటే శిక్ష ఏడేళ్ల దాకా ఉంటుంది కాబట్టి లెక్క మారుతుంది. మరణశిక్షో యావజ్జీవమో పడగల నేరాలకు ఈ సెక్షన్ వర్తించదు. ఒకటికి మించి కేసులు నడుస్తున్నా అడ్డంకి వస్తుంది. అందువల్ల ముందుగా ఎఫ్‌ఐఆర్ ప్రతి తెప్పించుకుని, అందులోని సెక్షన్లు చూడండి.

గడువు నిండగానే కోర్టుకు దరఖాస్తు పంపాల్సిన బాధ్యతను చట్టం జైలు సూపరింటెండెంటు మీదే పెట్టింది. ఆయన పంపేదాకా ఎదురుచూడనక్కర్లేదు. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది కాబట్టి, ఆ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఒక కాగితం రాయండి, లేదా 15100 నంబరుకు ఫోన్ చేయండి. మీరు రాసే కాగితంలో మీవాడి పేరు, కేసు నంబరు, జైలు పేరుతో పాటు అతన్ని మొదటిసారి రిమాండ్ చేసిన తేదీని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయించండి. మూడో వంతు లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది.