నొప్పి లేదని ఊరుకోకండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 61 ఏళ్లు, 14 ఏళ్లుగా షుగర్. రోజూ పొలం వెళ్తారు. బొటనవేలి కింద ఆనెకాయ ఉంటే మెడికల్ షాపులో కార్న్ క్యాప్ కొని వేసుకున్నారు. అది ఊడొచ్చాక కింద రూపాయి బిళ్లంత పుండు కనిపించింది. పసుపు అద్దుతున్నారు. ‘నొప్పే లేదు, అదే మానుతుందిలే’ అంటారు. నడుస్తుంటే చెప్పు జారిపోయినా ఆయనకు తెలియదు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, చెప్పు జారినా తెలియదన్న చోట నాకు గుండె కలుక్కుమంది. ఏళ్ల తరబడి షుగర్ వల్ల ఆయన పాదాల నరాలు మొద్దుబారాయి. మనకు రాయి గుచ్చుకుంటే చటుక్కున కాలు తీస్తాం. ఆయన దాని మీదే సాయంత్రం దాకా నడుస్తారు. ఒకసారి నా దగ్గరికొచ్చిన ఒక పెద్దాయన చెప్పు తిరగేసి చూస్తే, అట్టలోంచి మేకు పైకి పొడుచుకొచ్చి ఉంది. మూడు రోజులుగా అదే తొడుక్కుని తిరిగారట.

కార్న్ క్యాప్‌లో ఉండేది సాలిసిలిక్ యాసిడ్. ఆనెతో పాటు మంచి చర్మాన్నీ తినేస్తుంది, మంట తెలియని కాలికి అది మరీ ప్రమాదం. ఇక వేయనివ్వకండి. పసుపూ ఆపేయండి.

రేపే షుగర్ డాక్టర్‌కో సర్జన్‌కో చూపించండి. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతో స్పర్శ చూస్తారు. చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో పోలుస్తారు. ఆ నిష్పత్తి 0.9 కన్నా తగ్గితే కాలికి రక్తం సరిగా అందడం లేదనుకోవాలి. చుట్ట, బీడీ అలవాటుంటే ఈరోజే మాన్పించండి. పుండు ఎముక దాకా పోయిందేమో ఎక్స్‌రేలో చూస్తారు.

చచ్చిన చర్మం, ఆనె తీసి శుభ్రం చేస్తారు. ఇన్ఫెక్షన్ ఉంటేనే యాంటీబయాటిక్స్. అసలు వైద్యం మాత్రం ఆ చోట బరువు పడకుండా చూడటమే. అందుకు పిండికట్టు లాంటిది వేస్తారు, లేదా ప్రత్యేకమైన బూటు ఇస్తారు. బాత్రూమ్‌కి నాలుగడుగులే కదా అని ఆ బూటు విప్పి నడిస్తే పుండు మానదు. పొలం పని కొన్నాళ్లు ఇంకెవరికైనా అప్పగించాల్సిందే. ఆయనకిది కష్టమని తెలుసు, అయినా ఒప్పించండి.

జ్వరం వచ్చినా, ఎరుపు పైకి పాకినా, దుర్వాసన వచ్చినా, వేలు నల్లబడినా తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లండి.

పుండు మానాక వెనక పట్టీ ఉన్న ఎమ్‌సీఆర్ (మైక్రోసెల్యులర్ రబ్బరు అనే మెత్తటి రబ్బరు) చెప్పులు కొనండి. ఇంట్లోనూ అవే వేయించండి. రోజూ రాత్రి లైటు కింద ఆయన అరికాళ్లు, వేళ్ల సందులు మీరే చూడండి. రెండో కాలిని మరవకండి, ఇప్పుడు బరువంతా దాని మీదే పడుతుంది.