లోనావ్లా కైవల్యధామ: వందేళ్ళ చరిత్ర చదువులో ఎక్కడ కనిపిస్తుంది?

"పుణె దగ్గర లోనావ్లాలో ఉన్న యోగా సంస్థ కైవల్యధామలో ఉండి చదవాలని ఉంది. దానిది వందేళ్ళ చరిత్ర అంటున్నారు. అది గోడల మీద ఫొటోల వరకేనా, చదువులో ఏమైనా తేడా తెస్తుందా?" అని ఒకరు అడిగారు.

చాలా తేడా తెస్తుంది. ఆశ్రమం, ప్రయోగశాల రెండూ కలిసి పుట్టిన చోటు అది. అందుకే క్లాసులో "ఇలా చెయ్యి"తో పాటు "ఇలా చేస్తే లోపల ఏం జరుగుతుంది" అన్నది కూడా తప్పక వస్తుంది.

స్థాపకుడు స్వామి కువలయానంద. అసలు పేరు జగన్నాథ గణేశ గుణే, పుట్టింది 1883లో గుజరాత్‌లోని దభోయిలో. కసరత్తు నేర్చుకున్నది బరోడాలో మాణిక్‌రావు దగ్గర. యోగం నేర్చుకున్నది నర్మద ఒడ్డున మాల్సర్‌లో ఉండే పరమహంస మాధవదాస్ దగ్గర. కొన్నాళ్ళు అమల్నేర్‌లో జాతీయ కళాశాల ప్రిన్సిపాల్‌గా కూడా చేశారు. 1918లో ముంబై వెర్సోవాలో ద యోగా ఇన్‌స్టిట్యూట్ పెట్టిన యోగేంద్ర కూడా ఈ మాధవదాస్ శిష్యుడే. ఈ సంగతి చాలామందికి తెలియదు, రెండు సంస్థలకీ సంబంధమే లేదనుకుంటారు.

1920-21లోనే కువలయానంద బరోడా ఆసుపత్రిలో ఉడ్డియాన బంధం (ఊపిరి వదిలి పొట్ట గుంటపడేలా చేయడం), నౌలి (ఆ స్థితిలో పొట్ట కండరాలని తిప్పడం) చేయించి ఎక్స్‌రేలు తీయించారు. 1924లో లోనావ్లాలో కైవల్యధామ మొదలైంది, ఆ ఏడాదే 'యోగమీమాంస' పత్రిక కూడా. యోగ క్రియల మీద ఎక్స్‌రేలు, పీడనం లెక్కలు అచ్చయింది అందులోనే.

ఆ ప్రయోగాల్లో ఒకటి చెబితే మిగతాది అర్థమవుతుంది. పెద్దపేగుని నీళ్ళతో కడిగే బస్తి క్రియలో బొడ్డులోతు నీళ్ళలో ఉత్కటాసనంలో, అంటే గొంతుక్కూర్చుని, గుదంలో చిన్న గొట్టం పెట్టుకుని, నీళ్ళు పైకి పీల్చుకోవాలని హఠయోగ గ్రంథాలు చెబుతాయి. పంపు లేదు, ఎనిమా డబ్బా లేదు, మరి నీళ్ళు పైకెలా వెళ్తాయి? కువలయానంద గొట్టాన్ని పీడనం కొలిచే పాదరసపు మానోమీటరుకి కలిపి నౌలి చేయించి చూశారు. పెద్దపేగులో పీడనం బయటి గాలి పీడనం కంటే పడిపోయింది. నీళ్ళని లోపలికి లాగేది ఆ తేడాయే. దానికి గురువు పేరుతో 'మాధవదాస్ వాక్యూమ్' అని పేరు పెట్టారు.

ఇది తెలిస్తే ఉడ్డియానం ఎక్కడ చెడుతుందో కూడా తెలుస్తుంది. కొత్తవాళ్ళు దాదాపు అందరూ పొట్ట కండరాలని బిగించి లోపలికి నొక్కుతారు. అది ఉడ్డియానం కాదు. ఖాళీ కడుపుతో నిలబడి, మోకాళ్ళు కొంచెం వంచి, చేతులు తొడల మీద ఆనించాలి. ఊపిరి మొత్తం వదిలేసి, గొంతు మూసి, గాలి లోపలికి రానివ్వకుండానే పీలుస్తున్నట్టు పక్కటెముకల్ని విప్పాలి. అప్పుడు ఊపిరితిత్తుల కింద ఉండే కండరపు పొర, డయాఫ్రం, పైకి లేస్తుంది, వదులుగా ఉన్న పొట్ట దానంతటదే గుంటపడుతుంది. గుంట పడలేదంటే ఊపిరి పూర్తిగా వదల్లేదని, లేదా పొట్ట బిగిసి ఉందని అర్థం. ఉడ్డియానం కుదరకుండా నౌలికి పోవద్దు. బీపీ, హెర్నియా, కడుపులో పుండు ఉన్నవాళ్ళు, గర్భిణులు, నెలసరి రోజుల్లో ఉన్నవాళ్ళు అసలు చేయకూడదు. ఇవేమైనా ఉంటే చేరేటప్పుడే చెప్పండి, దాచొద్దు.

ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కునే జలనేతి సంగతీ అంతే, ప్రతిదానికీ కారణం ఉంటుంది. మరిగించి గోరువెచ్చగా చల్లార్చిన అరలీటరు నీళ్ళలో నాలుగున్నర గ్రాముల ఉప్పు, అంటే చిన్న చెంచాకి కాస్త తక్కువ. ఉప్పు తగ్గినా ముక్కు మండుతుంది, ఎక్కువైనా మండుతుంది. మన ఒంట్లోని ద్రవాలతో సమానంగా ఉంటేనే మంట ఉండదు. తర్వాత ఒక ముక్కు మూసి గట్టిగా చీదితే నీళ్ళు చెవి వైపు పోతాయి. ముందుకి వంగి, రెండు ముక్కులూ తెరిచే ఉంచి మెల్లగా ఊపిరి వదలాలి.

ఇక చదువు. గోర్ధన్‌దాస్ సెక్సరియా పేరుతో యోగా కళాశాల 1950ల మొదట్లో వచ్చింది. డిప్లొమాలో ఆసనాలతో పాటు శరీరధర్మశాస్త్రం, పతంజలి సూత్రాలు, హఠప్రదీపిక, బోధనా పద్ధతి చదవాలి. ఆసనాలు బాగా వచ్చినవాళ్ళు కూడా తడబడేది బోధన పాఠాల్లోనే. చేసి చూపిస్తూ మాట్లాడుతూనే ఉంటారు, ఊపిరాడక మాట తెగుతుంది. ముందు మౌనంగా చేసి చూపించండి, తర్వాత మెట్టుమెట్టుగా చెప్పండి. ఆసనంలో చెమట కక్కేలా లాగడం అక్కడి పద్ధతి కాదు. 'ప్రయత్న శైథిల్యం', అంటే బలవంతం సడలించడం, అన్న పతంజలి మాటని అక్షరాలా పట్టుకుంటారు. జిమ్ అలవాటున్నవాళ్ళకి మొదట్లో "ఇంతేనా?" అనిపిస్తుంది.

మీక్కావలసింది గురుసేవ, కీర్తన, సన్యాస వాతావరణమైతే 1960ల్లో స్వామి సత్యానంద స్థాపించిన ముంగేర్ బీహార్ స్కూల్ వైపు చూడండి, దాని మూలం ఋషీకేశ్ శివానంద ఆశ్రమం. ఎందుకు, ఎలా అని అడిగే మనస్తత్వమైతే లోనావ్లాయే.

హైదరాబాద్ నుంచైతే పుణె దాకా వెళ్ళి లోకల్ రైలు ఎక్కొచ్చు. వానాకాలంలో చేరితే బట్టలు ఎంతకీ ఆరవు. క్లాసు బట్టలు ఇంకో రెండు జతలు ఎక్కువే పెట్టుకోండి, పల్చటి నూలువైతే మంచిది.