పత్తి అంతగా పండని దేశం చొక్కాలెలా అమ్ముతోంది?

ప్రశ్న: దిగుమతులకు తలుపులు తెరిస్తే స్థానిక పరిశ్రమలు మూతపడతాయంటారు. మరి బట్ట కోసం బయటివాళ్ల మీద ఆధారపడే బంగ్లాదేశ్ దుస్తుల ఎగుమతిలో అంత ఎలా ఎదిగింది? కూలి చౌక కాబట్టేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: కూలి అంతకుముందూ చౌకే, చొక్కాలు మాత్రం ఓడ ఎక్కలేదు. 1979లో చిట్టగాంగ్‌కు చెందిన దేశ్ గార్మెంట్స్ 130 మందిని కొరియాలోని దేవూ కంపెనీకి శిక్షణకు పంపింది. కొరియా దుస్తులకు అమెరికాలో కోటా (ఇంతకు మించి దిగుమతి కుదరదన్న పరిమితి) అడ్డు, బంగ్లాదేశ్‌కు అప్పటికి ఆ బెడద లేదు. దేవూ ఆసక్తంతా అక్కడే. నేర్చుకున్నవాళ్లలో చాలామంది తర్వాత వేరే ఫ్యాక్టరీలకు వెళ్లిపోయారు. దేశ్‌కు నష్టం, దేశానికి లాభం!

పని నేర్చినా బట్ట కొనడానికి డబ్బేది? దానికి బ్యాక్ టు బ్యాక్ ఎల్‌సీ దారి చూపింది. ఎల్‌సీ అంటే, సరుకు పంపిన పత్రాలు చూపితే డబ్బు చెల్లిస్తామని బ్యాంకు ఇచ్చే హామీ పత్రం. విదేశీ కొనుగోలుదారు లక్ష డాలర్ల ఎల్‌సీ తెరిచాడనుకోండి. దాన్నే హామీగా పెట్టుకుని స్థానిక బ్యాంకు సుమారు 75 వేల డాలర్ల దాకా బట్ట, జిప్పులు, గుండీల కోసం ఇంకో ఎల్‌సీ తెరుస్తుంది. చెల్లింపుకు సాధారణంగా 90 నుంచి 180 రోజుల గడువు. సరుకు అమ్మిన డబ్బుతోనే ఆ బాకీ తీరుతుంది. దీనికి తోడు బాండెడ్ గోదాము: ఎగుమతి కోసం తెచ్చిన బట్టకు సుంకం ఉండదు, ఎంత వచ్చింది, ఎంత కుట్టి పంపారు అన్న లెక్క మాత్రం చూపాలి.

తేడా ఎక్కడ వస్తుందంటే, బట్ట రెండు వారాలు ఆలస్యమైతే ఓడ తప్పుతుంది. విమానంలో పంపితే లాభం ఖర్చుకే సరి. కొనుగోలుదారు ఆర్డర్ రద్దు చేసినా బట్ట బాకీ గడువు ఆగదు. బ్యాంకు దాన్ని ఫ్యాక్టరీ పేరున అప్పుగా రాసేస్తుంది. ఇక సుంకం లేని బట్ట దొంగచాటుగా స్థానిక బజారుకు చేరితే అక్కడి నేతవాళ్ల నోట్లో మట్టే. మీ భయం నిజమయ్యేది ఈ లొసుగు దగ్గరే.

నా దృష్టిలో పెద్ద లోపం వేరే ఉంది. ఈ సదుపాయం దుస్తులకు దొరికినంత తేలిగ్గా చెప్పులు, ప్లాస్టిక్ సామాన్లు చేసే చిన్న యూనిట్లకు దొరకలేదు. వాళ్లు ముడిసరుకుకు సుంకం కట్టుకుని పోటీపడాలి. ఆ దేశపు ఎగుమతుల్లో ఇప్పటికీ 80 శాతానికి పైగా దుస్తులే.