సబ్‌వూఫర్ గుమ్మం దగ్గర మోగుతోంది, సోఫాలో మోగట్లేదు, ఏం చెయ్యాలి?

ప్రశ్న: సార్, స్పీకర్లన్నిటికీ సౌండ్ పంచే 5.1 ఏవీ రిసీవర్‌కి విడిగా ఒక పవర్డ్ సబ్‌వూఫర్, అదే బేస్ కోసం సొంత యాంప్లిఫయర్ ఉన్న స్పీకర్, కొన్నాను. సబ్ వెనకాల లైన్ ఇన్ పిన్నులు ఎడమ, కుడి రెండున్నాయి, స్పీకర్ వైర్లు బిగించే క్లిప్పులున్నాయి, వాల్యూమ్, క్రాసోవర్ నాబ్‌లు, ఫేజ్ స్విచ్ ఉన్నాయి. రిసీవర్‌కి మాత్రం సబ్ అవుట్ ఒక్కటే ఉంది. ఒక వైరు పెట్టాను, గది మధ్యలో సోఫాలో కూర్చుంటే బేస్ దాదాపు లేదు, లేచి గుమ్మం దగ్గరికెళ్తే దడదడలాడుతోంది. ఏమీ పెట్టనప్పుడు కూడా సన్నగా గుయ్‌మని మోత. సబ్ పాడైందంటారా? మార్చెయ్యనా?

జవాబు: మార్చకండి. గుమ్మం దగ్గర దడదడలాడుతోందంటే సబ్ దాని పని అది చేస్తోందండి, మీరు కూర్చున్న చోటికి బేస్ చేరట్లేదు, అంతే. సబ్ బాలేదని అమ్మేసి ఇంకా పెద్దది కొని మళ్ళీ అదే మూలలో పెట్టి అదే బాధ పడేవాళ్ళని చూస్తే నిజంగా మనసు చివుక్కుమంటుంది.

వైరు ఒకటి చాలు. 5.1లో చివరి .1 అంటే బేస్ ఎఫెక్టుల కోసం విడిగా ఉండే ఎల్ఎఫ్ఈ ఛానెల్, అది ఒక్కటే కాబట్టి పిన్ను కూడా ఒక్కటే. సబ్ మీద ఎల్ఎఫ్ఈ అని రాసిన పిన్ను ఉంటే దాంట్లో పెట్టండి, లేకపోతే ఎడమ దాంట్లో, చాలావాటికి అక్కడే మోనో అని కూడా రాసుంటుంది. వై కేబుల్‌తో రెండిట్లోకీ ఇస్తే బేస్ అదిరిపోతుందని ఎవరైనా చెప్తే కంగారుపడి కొనకండి, దానివల్ల లెవెల్ కాస్త పెరుగుతుంది, అది నాబ్ తిప్పినా పెరుగుతుంది. ఆ స్పీకర్ క్లిప్పులు సబ్ అవుట్ లేని స్టీరియో యాంప్లిఫయర్ల కోసం, మీకు వాటితో పనిలేదు.

ఎక్కువమంది పొరపాటు చేసేది క్రాసోవర్ దగ్గర, అంటే ఏ సౌండ్ సబ్‌కి, ఏది స్పీకర్లకి అని పంచే గీత దగ్గర. మీ రిసీవర్ ముందే 80 హెర్ట్జ్ దగ్గర గీత గీసి కింది సౌండ్ సబ్‌కి, పైది స్పీకర్లకి పంచుతుంది, మీరు సబ్ నాబ్‌ని 60 దగ్గర పెట్టారనుకోండి, వచ్చినదాన్ని సబ్ మళ్ళీ కోస్తుంది, అప్పుడు 60కీ 80కీ మధ్యలోది ఇటూ సరిగ్గా రాదు అటూ రాదు. అందుకని సబ్ మీది ఆ నాబ్‌ని ఎక్కువ వైపు చివరిదాకా తిప్పెయ్యండి, ఎల్ఎఫ్ఈ లేదా బైపాస్ అని స్విచ్ ఉంటే అది వెయ్యండి, కోసే పని రిసీవర్ ఒక్కదానికే వదిలెయ్యండి. రిసీవర్ మెనూలో స్పీకర్లన్నీ స్మాల్ అని పెట్టండి, స్మాల్ అంటే మీ స్పీకర్లని చిన్నబుచ్చడం కాదు, బరువైన బేస్ సబ్‌కి పంపమని చెప్పడం అంతే. క్రాసోవర్ 80తో మొదలుపెట్టండి, సినిమా సౌండ్‌కి ప్రమాణాలు పెట్టే టీహెచ్ఎక్స్ వాళ్ళు చెప్పేది కూడా అదే, అరచేతిలో పట్టేంత బుల్లి స్పీకర్లయితే 120 దాకా వెళ్ళొచ్చు, ఇంకా పైకి పోతే సౌండ్ ఏ మూల నుంచి వస్తోందో చెవికి తెలిసిపోతుంది.

ఇప్పుడు మీ అసలు సమస్య, చోటు. 40 హెర్ట్జ్ సౌండ్ అల ఒక్కోటి సుమారు 8.6 మీటర్ల పొడవుంటుంది, మీ గది 4.3 మీటర్లు, అంటే ఓ 14 అడుగులు ఉందనుకోండి, అందులో సరిగ్గా సగం అల పడుతుంది, అది గోడకి తగిలి వెనక్కొచ్చి ఎదురొచ్చేదానితో కలిసి గోడల దగ్గర పెరిగిపోతుంది, గది నడిమధ్యలో ఒకదాన్నొకటి కొట్టేసుకుని గుంట పడుతుంది. మీ సోఫా ఆ గుంటలో ఉంది, మీ గుమ్మం గోడ దగ్గరుంది. వాల్యూమ్ ఎంత పెంచినా ఈక్వలైజర్‌లో ఎంత లేపినా ఆ గుంట నిండదు, జరిపితేనే పోతుంది. సోఫాని ఒక రెండడుగులు వెనక్కో ముందుకో జరిపి వినండి. కుదరకపోతే సబ్‌నే తీసుకెళ్ళి సోఫాలో మీరు కూర్చునే చోట పెట్టి, బేస్ గిటార్ పైకీ కిందకీ నడిచే పాట ఒకటి ఆన్ చేసి, మీరు గోడల వెంట మోకాళ్ళ మీద పాకుతూ వినండి, చెవి సబ్ ఉండాల్సిన ఎత్తులోనే ఉండాలి. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి. ఎక్కడైతే ప్రతి స్వరం ఒకేలా వినిపిస్తుందో, ఒకటి ఉరుముతూ ఒకటి మాయమవకుండా, అక్కడ సబ్ పెట్టెయ్యండి. మూలలో బేస్ ఎక్కువొస్తుంది నిజమే కానీ తరచుగా అది ముద్దముద్దగా ఉంటుంది.

చోటు కుదిరాకే వాల్యూమ్ నాబ్ సగంలో పెట్టి రిసీవర్ ఆటో కాలిబ్రేషన్, అంటే గదిలో సౌండ్ కొలిచి తనే సెట్ చేసుకునే పని, మైకుతో రన్ చెయ్యండి. సబ్ దూరం మీరు టేపుతో కొలిచినదానికంటే ఎక్కువ చూపిస్తే మార్చకండి, సబ్ లోపలి సర్క్యూట్ చేసే ఆలస్యాన్ని కూడా అది లెక్కేసుకుంటుంది. ఫేజ్ స్విచ్ సబ్ అలనీ స్పీకర్ల అలనీ ఒకదానికొకటి కొట్టేసుకోకుండా కలపడానికి, దానికి ఇంకొకళ్ళ సాయం కావాలి, మీరు సోఫాలో కూర్చోండి, వాళ్ళు 0కీ 180కీ మారుస్తుంటే ఎటు బేస్ నిండుగా ఉంటే అటు వదిలెయ్యండి.

గుయ్‌మనే మోత సాధారణంగా గ్రౌండ్ లూప్, అంటే పరికరాల ఎర్త్‌లు ఒకటికంటే ఎక్కువ దారుల్లో కలిసి చుట్టులా తయారవ్వడం. సబ్‌నీ రిసీవర్‌నీ ఒకే పవర్ బోర్డులో పెట్టండి, సిగ్నల్ వైరుని కరెంటు వైర్ల పక్కన పడుకోబెట్టకండి. పోకపోతే టీవీకొచ్చే కేబుల్ కనెక్షన్ ఒకసారి పీకి చూడండి, మోత ఆగిందంటే అది అక్కడి నుంచే వస్తోంది, ఆ లైన్‌కి ఈ చుట్టుని తెంచే ఐసొలేటర్ పెడితే సరిపోతుంది. ప్లగ్గులో ఎర్త్ పిన్ను మాత్రం ఎప్పుడూ తీసెయ్యకండి, మోత పోవచ్చు కానీ ప్రాణాలకే ముప్పు.

ప్రశ్న: రాత్రిపూట సౌండ్ తగ్గించి సినిమా చూస్తుంటే సబ్ మధ్యమధ్యలో ఆగిపోతోంది, కాసేపటికి టక్‌మని మళ్ళీ ఆన్ అవుతోంది. రిపేరుకివ్వాలా?

జవాబు: అక్కర్లేదండి. వెనకాల పవర్ స్విచ్ ఆటోలో ఉండుంటుంది, తక్కువ సౌండ్‌లో సిగ్నల్ చాలక సబ్ నిద్రపోతోంది. స్విచ్‌ని ఆన్‌లో పెట్టెయ్యండి. ఆటోలోనే ఉండాలంటే రిసీవర్‌లో సబ్ లెవెల్ కొంచెం పెంచి సబ్ నాబ్ అంతే తగ్గించండి, చెవికి తేడా రాదు, సబ్‌కి మాత్రం మెలకువగా ఉండేంత సిగ్నల్ అందుతుంది.