పందిని ఏ బరువులో అమ్మాలి?

ప్రశ్న: మా సంకరజాతి పందులు 80 కిలోలకు వచ్చాయి. నూరు దాటేదాకా మేపితే లాభమేనా? – ఒక రైతు, చంద్రగిరి

జవాబు: బరువు పెరిగే కొద్దీ కోతలో దక్కే మాంసం శాతం కొంత పెరిగే మాట నిజమే కానీ, కండ పెరుగుదల మందగించి కొవ్వు పేరుకునే ఆ దశలో ప్రతి అదనపు కిలోకూ మునుపటికంటే ఎక్కువ మేత పడుతుంది. కండలో ముప్పాతిక వంతు నీరే కాబట్టి అది తక్కువ మేతతోనే పెరుగుతుంది. కొవ్వు కట్టడానికి మాత్రం శక్తి ఎంతో ఎక్కువ కావాలి. తిరుపతి హోటళ్లలో మిగిలిన అన్నమే ప్రధాన మేతగా పెడుతుంటే కొవ్వు ఇంకా త్వరగా పడుతుంది (దాన్ని ఉడికించే పెట్టండి). మీ పందులకు కొవ్వు ఎంత పట్టిందో తెలియాలంటే, ఒక పందిని కోయించినప్పుడు చివరి పక్కటెముక దగ్గర వీపు కొవ్వు మందాన్ని స్కేలుతో కొలిచి చూడండి. వారం వారం తూకం వేసి, పెరిగిన బరువుకు వచ్చే ధర ఆ వారం మేత ఖర్చును దాటనప్పుడు, మీ కొనుగోలుదారు కొవ్వు మాంసానికి ప్రత్యేకంగా ధర ఇస్తే తప్ప, వెంటనే అమ్మేయండి.