కావలి ఫుట్‌బాల్ జట్టులో ఎవరిని ఉంచుకోవాలి? – సమాధానం

రాజా గారూ, మీ కావలి ఫుట్‌బాల్ జట్టు నుంచి ముగ్గురు సీనియర్లు వెళ్ళిపోయారని, విరాళాల సొమ్ముతో చెన్నై నుంచి ఇద్దరు ఫార్వర్డ్‌లను (గోల్స్ కొట్టే ముందు వరస ఆటగాళ్ళను) తెచ్చుకోవడం మంచిదేనా అని మీరు అడిగారు. సీజన్ల మధ్య ఈ విరామంలో ఆ పని చేయవద్దని నా గట్టి అభిప్రాయం.

హైదరాబాద్ ఎఫ్‌సీని చూడండి. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఆడిన ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్ 1-1గా ముగిశాక, పెనాల్టీల్లో హైదరాబాద్ గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు షాట్లు ఆపి కప్పు అందించాడు. ఆ సీజన్‌లో బయటి నుంచి వచ్చిన ఫార్వర్డ్ ఒగ్బెచే 18 గోల్స్ కొట్టిన మాట నిజమే. అయినా, 2023లో కోచ్ మనోలో మార్కెజ్ గోవా జట్టుకు వెళ్ళడం, బకాయిల వల్ల ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా కొత్త ఆటగాళ్ళ నమోదును నిలిపివేయడం, సీజన్ మధ్యలో పలువురు జట్టును వీడడం కలిసి, 2023-24లో ఆ జట్టు 22 మ్యాచ్‌లలో ఒక్కటే గెలిచి అట్టడుగున నిలిచింది. అభిమానిగా ఆ పతనం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

కాబట్టి ముందుగా మీ గోల్‌కీపర్‌ను, ఇద్దరు సెంటర్ బ్యాక్‌లను (గోల్ ముందు మధ్యలో ఆడే రక్షకులను) నిలబెట్టుకోండి. వారికి ప్రయాణ ఖర్చులు, బూట్లు సకాలంలో అందేలా చూడండి. మైదానం రెండు అంచుల్లో (వింగ్స్‌లో) మీ అండర్-17 కుర్రాళ్ళకే అవకాశమివ్వండి, ఒంగోలు, నెల్లూరు జట్లతో స్నేహపూర్వక మ్యాచ్‌లు పెట్టుకుంటే వారి సత్తా తెలుస్తుంది. బయటి ఆటగాడు తప్పనిసరైతే, సీజన్ మొత్తానికి సరిపడా డబ్బు చేతిలో ఉన్నాకే ఒక మిడ్‌ఫీల్డర్‌ను మాత్రమే తీసుకోండి.