రియాద్ అమ్మాయి, కాబూల్ అమ్మాయి

ప్రశ్న: నమస్కారం సార్. మా ఆయన రియాద్‌లో ఒక సౌదీ కుటుంబానికి హౌస్ డ్రైవర్. ఆ ఇంటి పిల్లలిద్దరినీ రోజూ బడి దగ్గర దింపుతారు. అమ్మాయి చదువులో ముందుందనీ, అబ్బాయికి పరీక్షలంటే పట్టింపే లేదనీ అంటారు. తొమ్మిదో తరగతి చదివే మా పాపకు మాత్రం ముస్లిం దేశాల్లో ఆడపిల్లలను చదవనివ్వరని బడిలో చెప్పారట. ఏది నిజం?
- ఒక పాఠకురాలు, నిజామాబాద్ జిల్లా

జవాబు: అమ్మా, మీ ఆయన చూసింది నిజం. అది ఆ ఒక్క ఇంటి సంగతి కూడా కాదు. పదిహేనేళ్ల పిల్లలకు చాలా దేశాల్లో పెట్టే పీసా పరీక్ష ఒకటుంది. 2018లో ఆ పరీక్షలో, చదివి అర్థం చేసుకోవడంలో సౌదీ అమ్మాయిలు అబ్బాయిల కన్నా 54 పాయింట్లు ఎక్కువ తెచ్చుకున్నారు. జోర్డాన్‌లో ఆ తేడా 51, ఖతర్‌లో 65. సంపన్న దేశాల కూటమి ఓఈసీడీలో సగటున 30 మాత్రమే.

ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి కాబట్టి నేను ముందు వెతికింది లెక్కల మార్కులే. ఓఈసీడీ దేశాల్లో సగటున అబ్బాయిలు 5 పాయింట్లు ముందుంటే, సౌదీలో అమ్మాయిలు 13 పాయింట్లు ముందున్నారు! ఆడపిల్లలకు లెక్కలు రావనే మాట ఎన్ని స్టాఫ్ రూముల్లో విని బాధపడ్డానో. 1960లో సౌదీ ప్రభుత్వం బాలికల బడులు మొదలుపెడితే, బురైదా పట్టణంలో పెద్దమనుషులు వద్దని అడ్డుపడ్డారు. ఆ దేశంలోనే ఈ ఫలితం.

దీనికి ఒక కారణం చెబుతాను. అక్కడ ప్రభుత్వ బడులు అబ్బాయిలకు వేరు, అమ్మాయిలకు వేరు. ఆడపిల్లలకు చెప్పేది టీచరమ్మలే. చదువుకున్న ఆడవాళ్లకు చాలాకాలం గౌరవంగా దొరికిన ఉద్యోగం అదే కాబట్టి చురుకైనవాళ్లు బడికే వచ్చారు. అంతకన్నా పెద్ద కారణం మరొకటి ఉందని నా నమ్మకం. చదువు అంతంతమాత్రమైనా పోలీసులోనో, సైన్యంలోనో చేరవచ్చన్న ధీమా అబ్బాయికి ఉండేది. అమ్మాయికి సర్టిఫికెట్ తప్ప వేరే ఆధారం లేదు.

ఒక్క మాట. లెక్కల్లో సౌదీ సగటు 373, ఓఈసీడీ సగటు 489. ముందున్న అమ్మాయిలు కూడా చేరవలసిన చోటికి ఇంకా చాలా దూరంలో ఉన్నారు.

మీ పాప టీచరుగారి మనసులో ఉన్నది బహుశా అఫ్గానిస్తాన్. 2021 సెప్టెంబరు నుంచి అక్కడ ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకు బడి లేదు. మీ పాప ఈడు పిల్లలు కాబూల్‌లో పుస్తకాలు మూసి ఇంట్లో కూర్చున్నారు. అది తలచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. కానీ ఆ పని చేసింది అక్కడి తాలిబన్ పాలకులు. దాన్ని రియాద్‌కు, జోర్డాన్ రాజధాని అమ్మాన్‌కు అంటగట్టడం తప్పు.

మీ ఆయన ఈసారి ఫోను చేసినప్పుడు ఆ అబ్బాయి గురించి కూడా అడగండి. బడి నుంచి వచ్చాక ఎక్కడికి వెళతాడు, వాడి చదువు ఇంట్లో ఎవరైనా పట్టించుకుంటారా అని. తెలిస్తే నాకూ రాయండి.